సొంత మాటలకు ముప్పై ఒకటి

పైగా తప్పు నాదేనట. అమ్మ నోరు తెరిచిన ప్రతిసారీ ఇదే మాట. "దాని పాటికి అది చదువుకుంటుంటే మధ్యలో దూరి చెడగొట్టావు" అంటుంది. చెడగొట్టడానికి అక్కడ బాగున్నదేముంది? అదే పేపర్ మూడుసార్లు పోతే, ఒక్కరైనా పక్కన కూర్చుని "ఎక్కడ అర్థం కావట్లేదే?" అని అడిగారా? నేను అడిగాను. అడిగినదాన్నే దోషినయ్యాను. సరే, మొత్తం చెప్తాను. విన్నాక తిట్టండి.

నేను హైదరాబాద్‌లో పుట్టి పెరిగినదాన్ని. రెండు వేల ఆరు మొదట్లో, ఇంజనీరింగ్ రెండో ఏడులో ఉండగా, ఒక లెక్చరర్‌తో గొడవ పడి క్లాసులు మానేశాను. హాజరు తక్కువైందని కాలేజీ వాళ్లు డిటెయిన్ చేశారు. నన్ను ఇంట్లో ఖాళీగా చూసినప్పుడల్లా నాన్నకు బీపీ పెరుగుతోందని, అమ్మ నన్ను బాన్సువాడలో ఉన్న తన చెల్లెలింటికి పంపింది. "నీకు కొంచెం బుద్ధి వస్తుంది, అక్కకు కొంచెం తోడుంటావు" అంది. బుద్ధి సంగతి నాకు తెలియదు. నాకు కావలసింది సిగ్నల్. చిన్నమ్మ ఇంట్లో అది లేదు. మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి, బిచ్కుంద రోడ్డు వైపు మొహం పెడితే ఫోన్‌లో రెండు గీతలు కనిపించేవి. మొదటి వారమంతా నా కాపురం ట్యాంకు పక్కనే. కింద రోడ్డు మీద చెరుకు ట్రాక్టర్లు పోతూనే ఉండేవి, పైన నేను మెసేజ్‌లు కొడుతూనే ఉండేదాన్ని.

అక్క, అంటే చిన్నమ్మ కూతురు, నాకంటే ఐదేళ్లు పెద్ద. ఊళ్లోనే ఒక ప్రైవేట్ బడిలో ఆరు, ఏడు తరగతులకు లెక్కలు చెప్పేది. సాయంత్రం ఇంటికి రాగానే చీర మార్చుకుని, చిన్నమ్మ పక్కన కూర్చుని, ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుట్టేది. ఆ వీధిలో దాదాపు ప్రతి ఇంట్లో ఆడవాళ్లు చుడతారు. నేను విచిత్రంగా చూసింది బీడీలను కాదు, అక్క పెదాలను. ఆకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం. చేతులు ఎంత వేగంగా ఆడితే పెదాలూ అంతే వేగంగా ఆడేవి. మంత్రమేదో జపిస్తోందనుకున్నాను. దగ్గరికెళ్లి వింటే ఇంగ్లిష్.

"ఏంటక్కా గొణుగుతున్నావ్?"

"వాక్యాలే. సార్ నోట్సువి. నలబై ఉన్నయి. కట్టకొక్కటి బట్టీ పడుతున్న."

కట్టకు ఇరవై ఐదు బీడీలు. అవి చుట్టేలోపు ఒక వాక్యాన్ని పదిసార్లో పన్నెండుసార్లో అనుకోవచ్చు. కట్ట కట్టి పక్కన పెట్టాక తరువాతి వాక్యం.

ఆమె డిగ్రీ ఇంగ్లిష్ పేపర్‌లో ఒక ప్రశ్న ఉండేది. పాఠాల్లోంచి పొడుగాటి, మెలికలు తిరిగిన వాక్యాలు కొన్ని ఇస్తారు. వాటిని అర్థం మారకుండా తేలిక మాటల్లో తిరిగి రాయాలి. మన తెలివితో రాయమని ఆ పేపర్ మొత్తంలో అడిగేది ఆ ఒక్క చోటే. దానికి కూడా ఊళ్లో ఒకటే మందు: ట్యూషన్ సార్ నోట్సు. ఒకవైపు నలభై వాక్యాలు, ఎదురుగా నలభై జవాబులు. ఏళ్లుగా జిరాక్సు మీద జిరాక్సు తీసి, అక్షరాలు సగం చెరిగిపోయాయి.

"ఈ వాక్యానికి అర్థం ఏంటి?" అని అడిగాను.

"అర్థమెందుకే? రాసేది ఇంగ్లిష్‌ల గదా" అంది అక్క. చిన్నమ్మ పకపకా నవ్వింది. అక్క నవ్వలేదు. నిజంగానే అడిగింది.

మిగతా పేపర్లన్నీ ఎప్పుడో అయిపోయాయి. ఇంగ్లిష్ ఒక్కటే మూడుసార్లు పోయింది. ఇంట్లో గడగడా అప్పజెప్పే మనిషి పరీక్షలో ఎందుకు పోగొట్టుకుంటోందని అడిగితే, ఆమె చెప్పిన కారణం నేనెక్కడా వినలేదు.

"హాలుల కూసుంటే చేతులు ఖాళీ. చేతులాడకుంటే నాకు నోరాడదు. నోరాడకుంటే ఏది మొదలు, ఏది ఎనక, అంత కలిసిపోతది. పోయినసారి ఎడమ చెయ్యి బెంచి కింద పెట్టి ఉత్తగనే ఆకు చుట్టినట్టు చుట్టిన. ఇన్విజిలేటర్ మేడం చూసి, చిట్టీలున్నయని లేపి నిలబెట్టి తడిమింది."

"తడిమితే ఏం దొరికింది?" అంది చిన్నమ్మ. "తంబాకు వాసన!"

ఈసారి అక్క కూడా నవ్వింది. నవ్వి, ఆకు కత్తిరిస్తూనే అసలు సంగతి చెప్పింది. బడి పెద్దసారు పిలిచి, తనిఖీకి వచ్చినవాళ్లు డిగ్రీ కాగితాలు అడుగుతున్నారని చెప్పాడట. జూన్ దాకా చూస్తాడట. కాగితం తెస్తే ఉద్యోగం, తేకపోతే లేదు. నాలుగేళ్లుగా చెబుతున్న బడి.

"పోతే ఇంకో పని చూసుకోవచ్చు కదా" అన్నాను. నగరం మాట.

"బడిల నన్ను టీచర్ అంటరే. ఇంట్ల ఎన్ని కట్టలైనయ్ అని అడుగుతరు. గంతే" అంది.

అంతే మరి. అందుకే నేను దూరాను.

మరునాడు నోట్సు తీసి మొదటి వాక్యం చదివాను. చదువుతుంటే నాకే ఊపిరి ఆడలేదు. తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది: దారి పొడుగునా దీపం పొగను గురించి విసుక్కుంటూ వచ్చిన ఆ బాటసారికి, తాను నడిచి వచ్చిన దారిలో ఎంత భాగాన్ని దాని వెలుగులోనే చూశాడో, అది ఆరిపోయిన తరువాత గాని తెలిసి రాలేదు. దానికి సార్ ఇచ్చిన జవాబు ఒక్క ముక్క: దీపం ఆరిన పిదపే బాటసారి దాని విలువను గ్రహించెను. పొగ మాట లేదు. విసుక్కోవడం లేదు. అర్థం మార్చకూడదనే ప్రశ్నకు, సగం అర్థం మింగేసిన జవాబు! నాకు ఒళ్లు మండింది.

అక్కకు తెలుగులో విడమరిచి చెప్పాను. చేతిలో ఆకు అలాగే ఆగిపోయింది. ఆమె చేతులు ఆగడం చూడటం నాకదే మొదటిసారి.

"గింత కథ ఉన్నదా దీంట్ల?"

పక్కనుంచి చిన్నమ్మ అంది. "కథేముందే? పొగ పొగ అని తిట్టిండు. ఆరినంక దారి కానరాలే. గప్పుడు తెలిసింది. గంతే గదా?"

చిన్నమ్మ నాలుగో తరగతి దాకా చదివింది. ఒక్క మాట కూడా వదలకుండా, అర్థం మార్చకుండా, ఇంత తేలికగా చెప్పగలిగినవాళ్లను నేను మా కాలేజీలో చూడలేదు. "చిన్నమ్మా, నీకు పదికి పది" అంటే, "పది కట్టలు నువ్వు చుట్టు, గప్పుడు తీసుకుంట" అంది.

ఆ రోజునుంచి నాకు తెలిసిన పద్ధతిలో మొదలుపెట్టాను. నాకు తెలిసింది ఒక్కటే, ఫోన్. సార్ వాక్యం చదవాలి. తెలుగులో చిన్నమ్మకు చెప్పాలి. చిన్నమ్మ "ఊ" అంటే, దాన్ని అక్క నా ఫోన్‌లో ఇంగ్లిష్‌లో మెసేజ్‌గా కొట్టాలి. ఒక మెసేజ్‌కు నూట అరవై అక్షరాలు. దాటితే పైన మూలన అంకె రెండుకు మారుతుంది. మారకూడదు. మారితే మాటలు తగ్గించాలి, కానీ అర్థం తగ్గకూడదు.

మొదట్లో ఒక మెసేజ్‌కు అరగంట పట్టేది. బీడీ చుట్టే వేళ్లు కదా, పది రోజుల్లో నాకంటే వేగంగా కొట్టడం మొదలుపెట్టింది. అన్నిటికంటే ముఖ్యం, చెయ్యి ఆడుతోంది. బొటనవేలు ఆడుతుంటే బుర్ర ఆడుతోంది. దీపం వాక్యాన్ని ఆమె ఇలా కొట్టింది: ద మ్యాన్ స్కోల్డెడ్ ద ల్యాంప్ ఫర్ స్మోక్. ద ల్యాంప్ డైడ్. దెన్ హీ న్యూ హూ వాజ్ షోయింగ్ ద రోడ్. కొట్టి, చదివి, ఫోన్‌ను గుండెకు ఆనించుకుంది. "గిది నేను రాసిననా?" అంది. నెల తిరిగేసరికి నలభై వాక్యాలూ అయిపోయాయి. ఫోన్‌లో డ్రాఫ్టులు నిండిపోయి, నా స్నేహితుల మెసేజ్‌లు తీసేయాల్సి వచ్చింది. తీసేశాను. అది నాకు ఎంత పెద్ద త్యాగమో మీకు తెలియదు.

నేను అక్కడితో ఆగి ఉండాల్సింది. ఆగలేదు. అక్కను లాక్కుని ట్యూషన్ సార్ ఇంటికి వెళ్లాను.

సార్ ఇంగ్లిష్ టీచర్‌గా రిటైరై, ఇంటి వరండాలో ట్యూషన్ చెప్పేవాడు. నెమ్మది మనిషి. అక్క తెల్లకాగితం మీద రాసిచ్చిన దీపం జవాబును కళ్లద్దాలు పైకి తోసి రెండుసార్లు చదివాడు.

"మంచిగ రాసినవ్ బిడ్డా. నా కంటె మంచిగ రాసినవ్" అని, పెన్సిల్ తీసి పక్కన సున్నా చుట్టాడు.

"ఇదేంటి సార్?" అన్నాను.

"నేను పేపర్లు దిద్దనీకె పోతనమ్మా. ముందట జవాబుల కీ పెడతరు. కీల ఉన్న మాట పేపర్ల కనబడాలె. కనబడితే మార్కు. కనబడకుంటె, ఆగి, సదివి, గిది గూడ గదే అర్థం అని ఆలోచన చేసెటంత టైము ఎవనికున్నది?"

"అంటే మీరు కూడా చదవరా?"

ఆయన అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు. "పొద్దుగాల సదువుత. పగటీలి అన్నం తిన్నంక సదువ."

"మీకే అర్థం తెలియదు సార్. అందుకే అందరితో బట్టీ పట్టిస్తున్నారు" అన్నాను. అక్క నా చెయ్యి గట్టిగా గిల్లింది. సార్‌కు కోపం రాలేదు. కాగితం మడిచి అక్కకు తిరిగిచ్చాడు.

"తెలుసు బిడ్డా. తెలిసే పట్టిస్తున్న" అన్నాడు.

తిరిగి వస్తుంటే దారంతా నేను తిడుతూనే ఉన్నాను. అక్క కాగితాన్ని ఇంకో మడత పెట్టింది. తరువాత అంది. "కార్ఖానాల బీడీలు ఏరేటాయన గూడ గంతేనే. పొడుగు చూస్తడు, ముడి చూస్తడు. నచ్చకుంటె తీసి అవుతల పారేస్తడు. తాగి చూస్తడా?"

"అయితే? సార్ చెప్పినట్టే రాస్తావా?"

"సార్ చెప్పినట్టు రాస్తే పాసైతరు గద, శానమంది."

"నువ్వు కాలేదు కదా, మూడుసార్లు! నీకిప్పుడు అర్థమవుతోంది, సొంతంగా రాయగలుగుతున్నావు. మళ్లీ ఆ చెత్త ఎందుకు? ఒక్కసారి నన్ను నమ్ము అక్కా."

అక్క నన్ను నమ్మింది. తిట్టేవాళ్లు తిట్టాల్సింది ఈ ఒక్క వాక్యానికి.

ఇంకోటి కూడా చేశాను. రెండు వీధుల అవతల అక్క స్నేహితురాలు ఒకామె ఉండేది, దర్జీ కూతురు. ఆమెది కూడా అదే పేపర్ మిగిలింది. పరీక్షకు వారం ముందు, తన జిరాక్సులో చివరి పేజీలు పోయాయని వచ్చింది. అక్క బడిలో ఉంది. నేను అక్క నోట్సు తీసి ఆమె చేతిలో పెట్టి, "ఉంచేసుకో, మాకు అక్కర్లేదు" అన్నాను. సాయంత్రం అక్కకు చెబితే, గూట్లో నోట్సు ఉండే చోటు వైపు చూసింది.

"ఇచ్చినవా?"

"ఇచ్చాను. నీకెందుకిక?"

"సరే తీయ్" అంది. అని చేట ఒళ్లోకి లాక్కుంది. ఆ రాత్రి ఆమె పెదాలు కదలడం చూశాను. ఏమంటోందో అడగలేదు.

పరీక్ష రోజు నేను సెంటర్ ముందు చాయ్ బండి దగ్గర నిలబడ్డాను. మూడు గంటలు. ఫోన్‌లో బ్యాటరీ అయిపోయేదాకా పాము ఆట ఆడాను. అక్క బయటకు వస్తూనే నవ్వుతోంది. అందరిముందూ పరిగెత్తుకొచ్చింది.

"దీపం అచ్చిందే! దీపమే అచ్చింది! బొటనేలు బెంచి మీద టిక్కు టిక్కుమని ఆడిస్తుంటె, అక్షరం గూడ తప్పలే."

వెనకే స్నేహితురాలు వచ్చింది. "నేను గూడ దీపం రాసిన. నోట్సుల ఉన్నది ఉన్నట్టు దించేసిన. అర్థం మాత్రం అడగకు అక్కా, ఖుదా కసం, నాకు తెల్వదు" అంది. ముగ్గురం నవ్వుకుంటూ చాయ్ తాగాం. ఆ రోజు డబ్బులు నేనే ఇస్తానని పట్టుబట్టాను. గెలిచినదాన్నని కదా.

జూన్‌లో ఫలితాలొచ్చాయి. బస్టాండ్ దగ్గర నెట్ సెంటర్‌లో పేజీ పైనుంచి కిందికి ఒక్కో గీతగా తెరుచుకుంది. అక్కకు ఇంగ్లిష్‌లో ముప్పై ఒకటి. పాసు మార్కు ముప్పై ఐదు. పోయినసారి, చేతులు ఆడక, వాక్యాలన్నీ కలిపేసి రాసినప్పుడు, వచ్చింది ముప్పై మూడు. అంటే నా నెల రోజుల చదువు, ఆ పద్ధతి, ఆ డ్రాఫ్టులు, అన్నీ కలిపి ఆమెకు రెండు మార్కులు పోగొట్టాయి. దర్జీ కూతురు పాసైంది.

నేను నెట్ సెంటర్‌లోనే అరిచాను. కోర్టుకు పోతానన్నాను, యూనివర్సిటీకి పోయి పేపర్ చూపించమంటానన్నాను. అక్క నా భుజం పట్టుకుని బయటకు తీసుకొచ్చింది. సార్ దగ్గరికి మళ్లీ నేనే వెళ్లాను. ఈసారి తల దించుకుని. ఆయన "నేను చెప్పలే?" అనలేదు. అంటే బాగుండేది.

"రీకౌంటింగ్ వెయ్యొచ్చు. కానీ ఫాయిదా లేదు బిడ్డా. రీకౌంటింగ్ల మార్కులు కూడుతరు. జవాబులు సదువరు" అన్నాడు.

వేశాం. కూడారు. ముప్పై ఒకటే.

ఏ ప్రశ్నలో ఎన్ని పోయాయో మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పరు కూడా. దీపానికి సున్నా వేశారో, సగం వేశారో, ఎవరైనా పొద్దున్నే చదివి మెచ్చుకున్నారో, మధ్యాహ్నం తిప్పి పడేశారో. మిగతా పేపర్ పోయినసారిలాగే రాశానని అక్క అంటుంది. అంతకు మించి నా దగ్గర సాక్ష్యం లేదు. అమ్మ దగ్గర కూడా లేదు, అయినా ఆవిడకు అనుమానం లేదు.

బడి పెద్దసారు మాట తప్పలేదు. జూన్ దాకా చూశాడు. జూలైలో అక్క చోటుకు దర్జీ కూతురిని తీసుకున్నాడు. ఆమె మా గుమ్మం దాకా వచ్చి లోపలికి రాలేదు. చున్నీ కొస నలుపుతూ నిలబడింది.

"నేను ఒద్దన్న అక్కా. నువ్వు పోకుంటె ఇంకోళ్లు అస్తరని అమ్మీ తిట్టింది."

"నిజమే గదా" అంది అక్క. "ఇంట్లకు రా. ఏడో తరగతోళ్లకు భిన్నాలు ఇంక అర్థం కాలే. బోర్డు మీద చెప్పకు. జొన్న రొట్టెనో చపాతినో తీస్కపోయి, తుంచి చూపెట్టు. పిల్లలు తింటరు, యాదుంటది."

ఆమె ఏడ్చింది. అక్క ఏడవలేదు. నేను మేడ మీదికి పోయి ఫోన్‌లో నలభై డ్రాఫ్టులూ ఒక్కొక్కటే తీసేశాను. ప్రతిదానికీ నిజంగా తీసేయాలా అని అడిగింది ఫోన్. నలభైసార్లు అవునన్నాను.

తరువాత నేను హైదరాబాద్ వచ్చేశాను. కాలేజీలో చేరాను. మళ్లీ రాయమని అక్కకు మెసేజ్ పెడదామంటే ఆమె దగ్గర ఫోన్ లేదు. పక్కింటికి ఫోన్ చేసి పిలిపిస్తే, "రాసి?" అంది. ఫోన్ చిన్నమ్మకు ఇవ్వమన్నాను. చిన్నమ్మ చెప్పింది, అక్క ఇప్పుడు పొద్దున కూడా చుడుతోందట, మెడ నొప్పికి దవాఖానకు పోతోందట.

పోయిన నెల రెండు రోజులకు బాన్సువాడ వెళ్లాను. సాయంత్రం అక్క వరండాలో చేట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా దర్జీవాళ్ల చిన్నమ్మాయి, డిగ్రీ మొదటి ఏడు. ఇంగ్లిష్ చెప్పమని రోజూ వస్తోందట. ఒక పొడుగాటి వాక్యం చదివి, తెలుగూ ఉర్దూ కలిపి అక్కకు అర్థం చెప్పింది. తరువాత, ఎవరూ అడగకుండానే, దాన్ని తన ఇంగ్లిష్‌లో చెప్పింది. మూడు చిన్న వాక్యాలు. ఒక్క అర్థం కూడా పోలేదు. మొహంలో ఆ వెలుగు నాకు తెలిసిందే.

అక్క ఆకు మీదనుంచి తల ఎత్తలేదు. "ఊకో. గట్ల కాదు. నోట్సుల ఎట్లున్నదో గట్లనే చెప్పు. మొదటికెల్లి" అంది.

పిల్ల నా వైపు చూసింది. నేను ఫోన్ తీసి, రాని మెసేజ్ చదువుతున్నట్టు నటించాను. పిల్ల నోట్సు తెరిచి మొదటినుంచి మొదలుపెట్టింది, అక్క చేతుల వేగానికి తగ్గట్టు.

నన్ను తిట్టండి, పరవాలేదు. కానీ ఆ వరండాలో నా చోట మీరుంటే, అక్క కళ్లముందే ఆ పిల్లను ఆపి, "వద్దు, నీ మాటల్లోనే రాయి" అని చెప్పగలిగేవారా?